‘లేదు’ గడిలో టిక్కు

డెల్బర్ట్ స్టిల్ట్‌నర్ ఇరవై మూడేళ్ళు బొగ్గుగనిలో పైకప్పుకు బోల్టులు బిగించాడు. గని మూతపడ్డాక పదకొండేళ్ళు యూనియన్ హాల్లో ఒక మడత బల్ల వెనక కూర్చుని ఊపిరాడని మనుషులకు దరఖాస్తులు రాసిపెట్టాడు. యాభై నాలుగో ఏట లా స్కూలు ప్రవేశ పరీక్షకు చదవడం మొదలుపెట్టాడు. ఈ మూడింట్లో ఏది కష్టం అని చర్చిలో ఎవరో అడిగితే, "మూడోదే. మిగతా రెండు చోట్లా పక్కవాడితో మాట్లాడుకోవచ్చు" అన్నాడు.

నేను ఆయన భార్యని. ఇరవై తొమ్మిదేళ్ళు కలిసి బతికాం. కౌంటీ లైబ్రరీలో పనిచేస్తాను. ఆయన గురించి రాయగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు గాని, వాళ్ళలో చాలామందికి ఒక పేజీ రాసేసరికి ఆయాసం వస్తుంది.

మా వెస్ట్ వర్జీనియా కొండల్లో ఆ జబ్బును నల్లదమ్ము అంటాం. బొగ్గు ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని వస్తుంది. బోల్టులు వేసేవాళ్ళకి ఇంకా తొందరగా వస్తుంది. బోల్టు దిగాలంటే ముందు నెత్తి మీద రాయిని తొలవాలి, తొలిచిన పొడి తొలిచిన వాడి మీదే పడుతుంది. డెల్బర్ట్ ఆ యంత్రానికి ఒక పక్క నిలబడితే, రెండో పక్క ఎర్సెల్ లెస్టర్ నిలబడేవాడు. ఇరవై మూడేళ్ళూ ఇద్దరూ ఒకే యంత్రం, ఒకే షిఫ్టు. ఎర్సెల్ మా కంటే నాలుగేళ్ళు పెద్ద. నన్ను చెల్లెమ్మా అంటాడు. గని పోయాక యూనియన్ హాల్లో కాఫీ కాయడం, కుర్చీలు సర్దడం, డెల్బర్ట్‌ని ఏడిపించడం ఆయన పనులు.

నల్లదమ్ము రుజువైతే మనిషి బతికున్నంతకాలం కంపెనీ అతనికి నెలనెలా కొంత ఇవ్వాలి, పోయాక భార్యకి ఇవ్వాలి. ఏ కంపెనీ ఒప్పుకుంటుంది? జడ్జి దగ్గరకు పోవాలి. మొదటి జడ్జి ముందు లాయరు కానివాడు కూడా నిలబడి మాట్లాడొచ్చు. డెల్బర్ట్ చర్చికి వేసుకునే ఒకే ఒక్క కోటు తొడుక్కుని అలా నిలబడేవాడు. గెలిచేవాడు కూడా. అయితే కంపెనీ పైకోర్టుకు వెళ్తుంది. అక్కడ లాయరే ఉండాలి. ఇలాంటి కేసులు పట్టుకునే లాయరు మాకు రెండు గంటల దూరంలో ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గర రెండేళ్ళ వరస ఉంది.

ఓపల్ హాగర్‌మన్ అని మా ఎగువ వాగు పక్కన ఉండే పెద్దావిడ భర్త కేసు అలాగే పోయింది. కింద డెల్బర్ట్ గెలిపించాడు. పైకోర్టులో మాట్లాడే మనిషి లేక ఓడిపోయింది. ఓడిపోయిన వారానికి ఆవిడ ఆపిల్ జామ్ సీసా పట్టుకుని హాలుకి వచ్చింది.

"నువ్వు చెయ్యాల్సింది చేశావు నాయనా. ఇంకో మెట్టు ఎక్కనియ్యరని నీకు మాత్రం ముందే తెలుసా ఏంటి," అంది.

డెల్బర్ట్ ఆ సీసా తెరవలేదు. గని మూతపడినప్పుడు సర్కారు పెట్టిన చదువుల్లో చేరి, సాయంత్రం క్లాసులకు తిరిగి, తొమ్మిదేళ్ళకి ఒక డిగ్రీ తెచ్చుకుని ఉన్నాడు. అప్పటిదాకా దాన్ని ఏం చేసుకోవాలో తెలియక బీరువా మీద పెట్టాం. ఆ సాయంత్రం దాన్ని కిందికి దించి దుమ్ము తుడిచాడు.

"లా చదువుతాను, లూ," అన్నాడు. నా పేరు లూరీన్. లూ అని ఆయనొక్కడే పిలిచేవాడు.

"మూడేళ్ళు చదవాలి."

"తెలుసు."

"అంతకుముందు ఏదో పరీక్ష రాయాలి."

"అదీ తెలుసు. ఊపిరి ఉండగా రాసేస్తాను."

ఆయనకి అప్పటికే మధ్యాహ్నాలు ఆక్సిజన్ సిలిండరు కావాల్సి వస్తోంది. క్లినిక్‌లో డాక్టరమ్మ రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చూపించింది. ఎన్నాళ్ళుంటాడని మేం అడగలేదు. ఊపిరి మూడేళ్ళు ఉంటుందా అన్నదొక్కటే మా లెక్క. నాలుగేళ్ళుంటే ఒక ఏడాది కోర్టులో నిలబడొచ్చు. ఆ ఒక్క ఏడాది కోసమే ఆయన ఆ పరీక్షకు కూర్చున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గనిలో చేరేటప్పుడూ, ఆ తరవాత ఏడాదికోసారీ డాక్టరు పరీక్ష ఉంటుంది. ముందు ఒక కాగితం ఇస్తారు. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా? దగ్గితే నల్లగా పడుతుందా? ఛాతీ పట్టేసినట్టు ఉంటుందా? ప్రతి ప్రశ్న పక్కనా రెండు గడులు ఉంటాయి. మా మనుషులందరూ ‘లేదు’ గడిలో టిక్కు పెట్టేవాళ్ళు. ‘ఉంది’ అని పెట్టినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. కాకపోతే వచ్చే నెల షిఫ్టు జాబితాలో వాడి పేరు కనపడదు. పదేళ్ళకో పదిహేనేళ్ళకో వాడు నీలం పడిన పెదాలతో జడ్జి ముందు కూర్చుంటే, కంపెనీ లాయరు ఆ పాత కాగితాలన్నీ బయటికి తీస్తాడు. ఇన్నేళ్ళూ ఈయనకేం లేదట, ఈయనే రాశాడు, చూడండి అంటాడు.

డెల్బర్ట్ పదకొండేళ్ళూ పోట్లాడింది ఆ టిక్కులతోనే. ఆయన వాదం ఎప్పుడూ ఒకటే. "అయ్యా, చేతిరాత చూడండి. మొదటి ఏడు ఈయన పెట్టిన టిక్కు, ఇరవయ్యో ఏడు పెట్టిన టిక్కు పక్కపక్కన పెట్టి చూడండి. చెయ్యి వణుకుతోంది. సంతకం గీత మీద నిలబడటం లేదు. నోరు ఏం చెప్పినా చెయ్యి నిజం చెప్తోంది." జడ్జీల్లో కొందరు కళ్ళద్దాలు పెట్టుకుని నిజంగానే చూసేవాళ్ళు.

హాలుకి వచ్చి మనుషుల్ని మాత్రం బాగా తిట్టేవాడు. "మీ ‘లేదు’లు మోయలేక నా నడుం విరుగుతోందిరా. ఒక్కడంటే ఒక్కడు నిజం రాసి చావలేదు."

"నువ్వేం రాశావు మరి?" అని ఎర్సెల్ అడిగాడు.

"లేదనే."

"అబద్ధాలకోరువి."

"నువ్వో?"

"నేనూ లేదనే. కాని నాకు నిజంగానే ఏం లేదు."

హాలుకి తొమ్మిది మెట్లు. ఎర్సెల్ రోజూ అయిదో మెట్టు మీద ఆగి బూటు లేసు బిగించుకునేవాడు. డెల్బర్ట్ కిటికీలోంచి చూసి నాకేసి తిరిగి కళ్ళతోనే చూపించేవాడు. 

చదువు లైబ్రరీలోనే సాగింది. వెనక హీటరు పక్కన ఉన్న బల్ల, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు. పరీక్షలో ఒక్కో భాగానికి ముప్ఫై అయిదు నిమిషాలు. మా వంటింట్లో గుడ్లు ఉడికించేటప్పుడు పెట్టుకునే గంట తెచ్చుకుని, అది మోగితే మిగతావాళ్ళు ఉలిక్కిపడతారని తన టోపీ కింద పెట్టేవాడు. ముప్ఫై అయిదు నిమిషాలకోసారి ఆ టోపీ గొణిగేది.

అన్నిట్లో ఆయనకి బాగా వచ్చింది కుర్చీల లెక్క. ఏడుగురు మనుషులు, ఏడు కుర్చీలు. ఫలానావాడు ఫలానావాడి పక్కన కూర్చోడు, ఇంకొకడు చివర్న ఉంటేనే మరొకడు మొదట్లో ఉంటాడు, అయితే నాలుగో కుర్చీలో ఎవరు? పుస్తకంలో ఉన్న పేర్లు ఆయనకి గుర్తుండేవి కావు. వాటిని కొట్టేసి తన షిఫ్టు వాళ్ళ పేర్లు రాసుకునేవాడు. కుర్చీల బదులు గనిలోకి మనుషుల్ని మోసుకెళ్ళే పొట్టి బండి గీసేవాడు. ఆ బండిలో ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో ఇరవై మూడేళ్ళు చూసిన మనిషి.

ఒకరోజు ఆ కాగితం హాలుకి పట్టుకొచ్చాడు. ఎర్సెల్ మెడ చాచి చూశాడు.

"నన్నెక్కడ కూచోబెట్టావురా?"

"నాలుగో చోట. కార్సన్ పక్కన."

"వాడి పక్కన నేను కూచోను. సమ్మెలో గేటు దాటి లోపలికి పోయి పనిచేసిన మొహం వాడిది."

"అయితే అదొక షరతు రాసుకుంటాను. ఎర్సెల్ కార్సన్ పక్కన కూర్చోడు."

"వాడు పోయి ఆరేళ్ళయింది గదా అసలు."

"అయినా కూర్చోవా?"

"అయినా కూర్చోను."

డెల్బర్ట్ రాసుకున్నాడు. ఆ షరతుతో లెక్క తేలిపోయింది. ఎర్సెల్ అది తన గొప్పే అన్నట్టు వారం రోజులు చెప్పుకు తిరిగాడు. అప్పటినుంచి డెల్బర్ట్‌ని చూస్తే, "ఏం లాయరుగారూ, ఇవాళ నా సీటెక్కడ?" అనేవాడు.

వేసవి చివర్లో దరఖాస్తు నింపాం. డ్రిల్లు అదురుకి పాడైన డెల్బర్ట్ వేళ్ళు ఆ ఏడాది మరీ మొద్దుబారిపోయాయి. జవాబు కాగితంలో పెన్సిలుతో సున్నాలు దిద్దగలడు గాని అక్షరాలు రాస్తే ఆయనకి తప్ప ఎవరికీ అర్థమయ్యేవి కావు. "నా రాత చూస్తే ఇప్పుడే ఫెయిల్ చేస్తారు, నువ్వు రాయి," అన్నాడు. నేను వంటింటి బల్ల మీద రాస్తున్నాను. ఆయన ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకి నార తీస్తున్నాడు.

"జబ్బేదైనా ఉండి పరీక్ష గదిలో ప్రత్యేకంగా ఏర్పాట్లు కావాలా అని అడుగుతున్నారు," అన్నాను. "కావాలంటే డాక్టరు కాగితం జతచెయ్యాలట."

"లేదు."

"డెల్బర్ట్."

"లేదని పెట్టు, లూ."

"సిలిండరు పక్కన పెట్టుకోనిస్తారు. విడిగా గది ఇస్తారు. దగ్గొస్తే ఆగి మళ్ళీ రాసుకోవచ్చు. డాక్టరమ్మ సంతకం పెడతానని తనే చెప్పింది కదా."

"అలా రాసినవాళ్ళ మార్కుల పక్కన ఏదో గుర్తు పెడతారట."

"ఎవరు చెప్పారు?"

"ఎక్కడో చదివాను. గుర్తు పెట్టకపోయినా సరే. సిలిండరు లాక్కుంటూ వచ్చినవాడికి మూడేళ్ళ సీటు ఎవడిస్తాడు? ఈయన మొదటి ఏడు దాటడు, ఈ కుర్చీ ఇంకొకరికి ఇద్దాం అనుకోరా? నేనైతే అనుకుంటాను."

"ఇదే పని చేసినందుకు నువ్వు వందమందిని తిట్టావు."

"వాళ్ళు పని కోసం చేశారు."

"నువ్వో?"

చిక్కుడుకాయ రెండుగా విరిచి గిన్నెలో వేశాడు. "నేనూ పని కోసమే," అన్నాడు.

ఇంకా వాదించి ఉండొచ్చు. అంతకుముందు చాలా విషయాల్లో వాదించి గెలిచాను కూడా. ఆ రోజు ఆయన ముఖంలో, పాతికేళ్ళ కిందట షిఫ్టుకి తయారవుతూ తిండి డబ్బా అందుకునేటప్పటి చూపు కనపడింది. పెన్ను నా చేతిలో ఉంది. ‘లేదు’ గడిలో టిక్కు పెట్టాను.

పరీక్ష అక్టోబరులో ఒక శనివారం, రెండున్నర గంటల దూరంలో ఉన్న విశ్వవిద్యాలయంలో జరిగింది. తెల్లవారకముందే బయల్దేరాం. కారు నేనే నడిపాను. ఆయన దారంతా ముక్కుకి గొట్టం పెట్టుకునే కూర్చుని, ఒళ్ళో ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెన్సిళ్ళు లెక్కపెట్టుకున్నాడు. నాలుగు పెన్సిళ్ళు, రబ్బరు, ముళ్ళ గడియారం, దగ్గు బిళ్ళలు. బిస్కెట్ రొట్టెలో సాసేజి పెట్టి ఇస్తే సగం తిన్నాడు. చేరాక గొట్టం తీసేసి, సిలిండరుని తన సీట్లో నిలబెట్టి బెల్టు పెట్టాడు.

"దీన్ని చూస్తూ ఉండు, ఎక్కడికీ పోకుండా," అన్నాడు.

గది మూడో అంతస్తులో. లిఫ్టు శనివారాలు నడవదని కాగితం అంటించారు. మొదటి మలుపు దాకా నేనూ ఎక్కాను. అక్కడ ఆయన ఆగాడు. చుట్టూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు గబగబా ఎక్కిపోతున్నారు. డెల్బర్ట్ కిందికి వంగి బూటు సర్దుకుంటున్నట్టు చేశాడు. ఆ రోజు ఆయన వేసుకున్న బూట్లకి లేసులు లేవు.

"ఇక నువ్వు వెళ్ళు," అన్నాడు నాకేసి చూడకుండా.

లోపల ఏం జరిగిందో నాకు ఆయన చెప్పలేదు. పక్క సీట్లో కూర్చున్న పిల్ల చెప్పింది. కెండ్రా అని, పరీక్ష అయ్యాక ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపుకొచ్చింది. ఆయన కార్లో కూర్చుని గొట్టం పెట్టుకుంటుంటే ఆ పిల్ల నన్ను పక్కకి పిలిచింది.

"మొదటి రెండు భాగాలూ బానే రాశారండీ. మూడోదాంట్లో దగ్గు మొదలైంది. రుమాలు నోట్లో కుక్కుకున్నారు. వెనకాల ఎవరో చెయ్యెత్తి ఫిర్యాదు చేశారు. నేను కాదండీ."

"నువ్వు కాదులేమ్మా."

"పర్యవేక్షకురాలు వచ్చి, దగ్గు ఆగకపోతే బయటికి వెళ్ళి తగ్గాక రండి, టైము మాత్రం ఆగదు అంది. ఆయన వెళ్ళలేదు. దగ్గు పట్టుకుని కూర్చున్నారు. ముఖం ఎలా అయిపోయిందో చూడలేకపోయాను. నాలుగోదాంట్లో ఇక లేచారు. పన్నెండు నిమిషాలు వరండాలో రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. తలుపు అద్దంలోంచి కనపడుతూనే ఉంది. విడిగా గది ఇస్తారు కదండీ ఇలాంటివాళ్ళకి? అడగలేదా?"

నేను ఆ పిల్లకి థాంక్స్ చెప్పాను. 

ఇంటి దారిలో మా కొండలు కనపడ్డాక అన్నాడు. "నాలుగోది కుర్చీల లెక్కే, లూ."

"ఎంతవరకు చేశావు?"

"నాలుగు బండ్లొచ్చాయి. రెండు బండ్లవాళ్ళని కూచోబెట్టాను. మిగతావాళ్ళు నిలబడే ఉన్నారు."

మూడు వారాలకి మార్కులు వచ్చాయి. సీటుకి కావాల్సినదానికి తొమ్మిది తక్కువ. ఎర్సెల్ మా వరండాలో కూర్చుని ఆ కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"కార్సన్‌గాడి పక్కన కూచోమన్నా కూచునేవాణ్ణి కదరా," అన్నాడు.

డెల్బర్ట్ నవ్వబోయి దగ్గాడు. అది ఆగేదాకా ఇద్దరం వాగుకేసి చూస్తూ కూర్చున్నాం. ఫిబ్రవరిలో మళ్ళీ పరీక్ష ఉంది, ఈసారి డాక్టరు కాగితం పెడదాం అని ఆయనే అన్నాడు. నేను బతిమాలాల్సిన పని లేకపోయింది. అందుకే నాకు భయం వేసింది. డిసెంబరులో డాక్టరమ్మ సంతకం చేసింది. ఆ కాగితం నకలు ఫ్రిజ్ తలుపుకి పెట్టుకున్నాం. కొత్త దరఖాస్తులో ‘అవును’ గడిలో నేనే టిక్కు పెట్టి, కవరు అంటించి, స్టాంపు కూడా వేశాను. జనవరిలో మంచు పడి నాలుగు రోజులు మా లోయలోకి టపా బండి రాలేదు. మూడో రోజు పొద్దున, కాఫీ చల్లారిందేమని అడుగుదామని తిరిగేసరికి డెల్బర్ట్ కుర్చీలో ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు.

మరణపత్రంలో గుండె అని రాశారు. కోసి ఊపిరితిత్తులు చూడమని అడగాలి. హాలుకి వచ్చిన ప్రతి భార్యకీ డెల్బర్ట్ చెప్పే మొదటి మాట అదే. "ఏడవండి, కాని ముందు అది అడగండి," అనేవాడు. నేను ఆ మాట వంద సార్లు విన్నాను. ఆ రోజు నాకు గుర్తురాలేదు.

తన దరఖాస్తు డెల్బర్ట్ ఎప్పుడూ వేసుకోలేదు. వేస్తే, పని చెయ్యలేని మనిషినని ప్రమాణం చేసి రాయాలి. ముందు లా స్కూలు కానియ్యి, తరవాత నా కేసు నేనే వాదించుకుంటాను అనేవాడు. ఆయన పోయాక భార్యగా నేను వేశాను. నా పక్కన నిలబడటానికి ఎర్సెల్ తప్ప ఎవరూ లేరు. డెల్బర్ట్ కోటు ఎర్సెల్‌కి భుజాల దగ్గర వదులు. అయినా అదే వేసుకుంటానని పట్టుబట్టాడు.

కోర్టు భవనంలో పై గది. కంపెనీ తరఫున వచ్చిన లాయరు ముప్ఫై దాటని కుర్రాడు, మర్యాదస్తుడు. వాళ్ళ తాత కూడా గని మనిషేనని మొదటే చెప్పాడు. చెప్పి, ఒక కాగితం నా ముందు పెట్టాడు. అక్టోబరు పరీక్ష దరఖాస్తు. ఆయన పరీక్షలు ఏమైనా రాశాడా అని వాళ్ళు ముందే కాగితాల మీద అడిగితే, గొప్పగా చెప్పుకున్నది నేనే.

"ఇక్కడ ‘లేదు’ అని ఉంది కదండీ, మిసెస్ స్టిల్ట్‌నర్?"

"ఉంది."

"చనిపోవడానికి మూడు నెలల ముందు మీవారు మూడంతస్తులు ఎక్కి, ఏ సాయం లేకుండా మూడు గంటల పైన పరీక్ష రాశారు."

"రాశారు."

"మార్కులు తక్కువొచ్చాక డాక్టరు కాగితం తెచ్చుకున్నారు. అంతకుముందు లేదు."

 తారీఖులు అలాగే ఉన్నాయి.

"మీవారు నిజాయితీపరులేనా?"

"అవును."

"కాగితం మీద అబద్ధం రాసే మనిషి కాదు. అంతేనా అండీ?"

అప్పుడర్థమైంది నాకు. డెల్బర్ట్ ప్రమాణం చేసి రాసి ఇచ్చిన కాగితాలతో ఇంకా తేలని కేసులు తొమ్మిది ఉన్నాయి. వాటిల్లో నాలుగింట్లో అవతలి లాయరు ఈ కుర్రాడే. అబద్ధం రాస్తాడని నేను అంటే నా కేసు నిలబడొచ్చు. రేపటినుంచి ఆ తొమ్మిది కాగితాలూ చిత్తుకాగితాలే. రాయడు అంటే ఆ గడిలో ఉన్నది నిజం, డెల్బర్ట్‌కి ఏ జబ్బూ లేదు.

"టిక్కు పెట్టింది నేను," అన్నాను.

"చెప్పింది ఎవరండీ?"

"ఆయన."

"నేనడిగింది అది కాదు కదండీ."

"జవాబు చెప్పాలమ్మా," అన్నాడు జడ్జి, విసుగు లేకుండానే.

"అబద్ధం రాసే మనిషి కాదు," అన్నాను.

ఎర్సెల్ లేచాడు. డెల్బర్ట్ తన వాదాలు రాసుకున్న పాత నోట్సు పుస్తకం తెరిచి, వేలు పెట్టుకుని, చర్చిలో చదివినట్టు గట్టిగా చదివాడు. "అయ్యా, చేతిరాత చూడండి. నోరు ఏం చెప్పినా చెయ్యి నిజం చెప్తుంది."

జడ్జి కళ్ళద్దాలు పెట్టుకుని నిజంగానే చూశాడు. నాది లైబ్రరీలో కార్డులు రాసి రాసి కుదిరిన చేతిరాత. టిక్కు గడి దాటకుండా, తిన్నగా, శుభ్రంగా ఉంది.

"చేతిరాత బాగానే ఉందండీ," అన్నాడు జడ్జి.

ఎర్సెల్ నాకేసి చూశాడు. పుస్తకంలో తరవాత ఏముందో వెతికాడు. తరవాత ఏమీ లేదు. కూర్చున్నాడు.

తీర్పు ఏప్రిల్లో వచ్చింది, రెండు పేజీలు. మా ఎక్స్‌రేని ఒక డాక్టరు ఒకలా చదివాడు, వాళ్ళ డాక్టరు ఇంకోలా చదివాడు, మరణపత్రంలో గుండె అని ఉంది, స్వయంగా ఇచ్చిన దరఖాస్తులో ఏ ఇబ్బందీ లేదని ఉంది. కాబట్టి లేదు. ఆ తొమ్మిది కేసుల్లో రెండు ఈ మధ్య గెలిచాయి. ఓపల్ పిన్ని నా కోసం ఆపిల్ జామ్ సీసా పంపింది.

అప్పీలు కాగితం నింపుదామని పోయిన ఆదివారం చర్చి అయ్యాక ఎర్సెల్ మా ఇంటికి వచ్చాడు. మా వరండాకి అయిదే మెట్లు. మూడో మెట్టు మీద ఆగి బూటు లేసు బిగించుకున్నాడు. మొక్కజొన్న రొట్టె పెట్టాను. తినకుండా పక్కన పెట్టాడు. కాగితంలో రెండో పేజీలో, మీ తరఫు న్యాయవాది పేరు అని ఒక ఖాళీ ఉంది.

"డెల్బర్ట్ పేరు రాసేద్దామా?" అన్నాడు.

"మార్కులు చాలలేదంటారు."

"తొమ్మిదే కదా తక్కువ. నా సీటు వాడికిచ్చేస్తానని రాయి."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఎర్సెల్‌కి దగ్గు వచ్చింది. బల్ల అంచు పట్టుకున్నాడు. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. నీళ్ళు తెచ్చి పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి రుమాలు నోటి మీంచి తీసి, చూడకుండానే మడిచి, కోటు జేబులో పెట్టుకున్నాడు. డెల్బర్ట్ కోటు. నేను కూర్చుని ఆ ఖాళీలో ‘లేరు’ అని రాశాను.

"ఎన్నాళ్ళనుంచి అన్నయ్యా ఇది?" అని అడిగాను. "క్లినిక్‌కి రేపు నేనే తీసుకెళ్తాను. నీ దరఖాస్తు కూడా వేద్దాం."

"దేనికి?"

"ఈ దగ్గుకి."

"నాకేం లేదు చెల్లెమ్మా," అన్నాడు ఎర్సెల్, లేసు కట్టుకోవడానికి వంగుతూ.